నలభై రకాలుగా అడగడం

అప్పట్లో నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. రెండు వందల పేజీలది, గోధుమరంగు అట్ట. అందులో పాటలు లేవు, వంటలు లేవు. ఉన్నవన్నీ అడగడాలే. ఇంగ్లీషులో ఒక సంగతి తెలుసుకోవాలంటే ఎన్ని విధాలుగా అడగొచ్చో అన్నీ నంబర్లు వేసి మరీ రాసుకున్నాను. నలభై దాటాయి. ఇంటికి ఎవరైనా వస్తే ఆ పుస్తకం వాళ్ళ కంట పడేలా బల్ల మీద పెట్టేదాన్ని. ఇరవయ్యేళ్ళ పొగరు మరి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల నడిమి సంగతి ఇది. మాది గోదావరి వైపు. నాన్నగారికి రైల్వేలో లింగంపల్లికి బదిలీ అయింది. క్వార్టర్సు దొరక్క నల్లగండ్లలో ఒక ఇంటి వెనక భాగం కిరాయికి తీసుకున్నాం. ఇప్పుడక్కడ ఆకాశం కనపడకుండా అపార్టుమెంట్లు లేచాయి. అప్పుడు ఇంటి వెనకాల జొన్నచేను, దాని వెనకాల బండలు, అంతే. మా అమ్మకి ఆ ఊరు బొత్తిగా నచ్చలేదు. "కాలవ లేదు, కొబ్బరిచెట్టు లేదు, ఎక్కడికి తెచ్చి పడేశారండీ" అని నాన్నగారిని రోజుకొకసారైనా అనేది. ఆయన విననట్టు పేపరు చదువుకునేవారు.

ముందు భాగంలో ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు. ఒక ముసలమ్మ, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, కోడలు. కోడలు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. ఆవిడ పెనిమిటి జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. రోజూ వచ్చి పోయే దూరం కాదు. సోమవారం తెల్లవారగానే సద్ది కట్టుకుని వెళితే మళ్ళీ శనివారం సాయంత్రమే రావడం. వస్తూనే బావి దగ్గర నిలబడి బకెట్ల మీద బకెట్లు పోసుకునేవాడు. ఎంత పోసుకున్నా ఆ ఘాటు వాసన వదిలేది కాదు. "బాయి నీళ్ళన్ని నువ్వే పోసుకుంటే మేమేం తాగాలె?" అని అక్క గొంతు పెంచి అనేది, నవ్వు దాచుకుంటూ. ఆయన తల తుడుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చి, "అందరు మంచిగున్నరా? నీళ్ళు దొరుకుతున్నయా?" అని అడిగేవాడు. ప్రతి శనివారం అదే ప్రశ్న. మనుషుల్ని పలకరించకుండా ఉండలేని మనిషి.

నేను వారానికి మూడు రోజులు రైలెక్కి సిటీకి వెళ్ళి టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకునేదాన్ని. అక్కడి మాస్టారు పెద్దాయన, ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కాదు. ఉద్యోగాలు రావాలంటే టైపు ఒక్కటే చాలదని, ఆఖరి అరగంట ఇంగ్లీషు ఉత్తరాలు చెప్పేవారు. ఆయనకి మహా ఇష్టమైన పాఠం ఎంక్వైరీ లెటర్. "అడిగేవాడు దేబిరించకూడదు, దబాయించకూడదు. ఎదుటివాడికి ఇబ్బంది కలగకుండా అడగాలి" అనేవారు.

ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. మన భాషలో కనుక్కోవడం అని ఒక్క మాటతో సరిపెట్టేస్తామా, అక్కడ దానికి ఎన్ని గదులో! ఫైండ్ ఔట్ అంటే మనమే తిరిగి కనిపెట్టడం. ఎంక్వైర్ అంటే మర్యాదగా ఇంకొకరిని అడగడం. లుక్ అప్ అంటే పుస్తకం తీసి చూసుకోవడం. లుక్ ఇంటూ అంటే లోతుకి దిగి విచారించడం. అసర్టైన్ అంటే విన్నది నిజమో కాదో తేల్చుకోవడం. ఈ ఆఖరి మాట నాకెంత నచ్చిందంటే, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అసర్టైన్ చేస్తున్నానని అమ్మతో అనేదాన్ని. "నీ మొహం, ముందు రుచి చూడు" అనేది అమ్మ.

ఒక శనివారం అక్క పెనిమిటి రాలేదు.

పనెక్కువై ఉంటుందిలే అన్నారు అందరూ. ఆదివారం పొద్దున్నే అక్క ఖాజాగూడకి నడిచి వెళ్ళింది. ఆయన పెదనాన్న కొడుకు అక్కడ ఉంటాడు, అక్కకి బావ వరస. ఆయనదీ అదే ఫ్యాక్టరీ. వెళితే ఇంటికి తాళం. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని అత్తగారి ఊరు పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారట. సోమవారం అత్తాకోడళ్ళు ఇద్దరూ రెండు బస్సులు మారి జీడిమెట్ల వెళ్ళారు. గేటు దగ్గర కావలివాడు పేరడిగాడు. మొగుడి పేరు అక్క నోటితో చెప్పదు కదా, ముసలమ్మ చెప్పింది. అలాంటి పేరుగలవాళ్ళు లోపల ఎవరూ లేరు, ఏదైనా కావాలంటే ఆఫీసుకి కాగితం పెట్టుకోండి అని కసిరి పంపేశాడు.

ఆ సాయంత్రం అక్క మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. బస్సుల్లో తిరిగిన దుమ్ము కూడా కడుక్కోలేదు.

"చెల్లె, నీకు ఇంగ్లీషొస్తది గద. జర ఒక కాయిదం రాయి. ఇంగ్లీషుల రాస్తే జవాబిస్తరంట."

నాకెంత సంతోషమైందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎదురుగా ఉన్న మనిషి మొగుడు కనపడక అల్లాడుతుంటే, నా నోటు పుస్తకానికి పని పడిందని లోపల్లోపల మురిసిపోయాను. పెన్ను తెచ్చుకుని కూర్చున్నాను. రేషన్ కార్డు తెమ్మని, అందులో ఉన్న పేరు అక్షరం తప్పకుండా ఎత్తి రాసుకున్నాను. వయసు రాసుకున్నాను. చేరి ఎన్నాళ్ళయిందని అడిగితే ఎనిమిది నెలలంది.

"గింకో మాట చెల్లె" అంది అక్క, ముందు గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి. "ఆడ ఆయనను మా బావ పేరు మీద పిలుస్తరు."

అని, నా మొహంలోకి చూస్తూ ఆగింది. ఇంకా ఏదో చెప్పబోయి నా మాట కోసం ఆగిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను అడగలేదు. పల్లెటూళ్ళలో ఒక్కో మనిషికి రెండేసి పిలుపు పేర్లుంటాయి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆఫీసు ఉత్తరంలో కార్డులో ఉన్న పేరు తప్ప ఇంకోటి రాయకూడదని మాస్టారు చెప్పి ఉన్నారు. "అవన్నీ అక్కర్లేదులే అక్కా" అన్నాను. ఎందుకలా పిలుస్తారు అని మూడు ముక్కలు అడిగితే నా నోరేమీ అరిగిపోయేది కాదు. అడగలేదు.

అక్క తల వంచుకుని, "నీ ఇష్టం, నీకే ఎరుక" అంది.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో టైపు చేశాను. ఎంత బాగా వచ్చిందని! ఫలానా పేరుగల ఉద్యోగి క్షేమం గురించి, ఆయన ప్రస్తుతం ఎక్కడున్నదీ తమరు దయతో తెలియజేస్తే మిక్కిలి కృతజ్ఞురాలినని అర్థం వచ్చేలా, ఐ షల్ బి హైలీ ఆబ్లైజ్డ్, కైండ్లీ లెట్ మీ నో, వేర్‌అబౌట్స్, అసర్టైన్, ఏదీ వదలకుండా పేర్చాను. ఒకచోట అర్జెంట్ అని రాస్తే మాస్టారు కొట్టేసి, యట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియన్స్ అని పెట్టించారు. తొందరపెట్టినట్టు ఉండకూడదట. అంటే తమకు వీలైనప్పుడు చెప్పండి అని. మనిషి తప్పిపోతే తమకు వీలైనప్పుడు చెప్పండి అని రాశాను, చేతులారా. పైగా మాస్టారు దాన్ని క్లాసులో అందరికీ చదివి వినిపించారు.

ఉత్తరం పోస్టు చేసిన దగ్గరనుంచీ అక్క మా గుమ్మం ముందు తచ్చాడడం మొదలుపెట్టింది. పోస్టుమాన్ సైకిలు కనపడితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగు. ఇంకోసారి గేటు దగ్గరికి పోయి చూస్తానంటే నేనే ఆపాను. "కాగితం పెట్టాక మనిషి వెళ్ళి గొడవ చేస్తే బాగుండదక్కా, వాళ్ళే కనుక్కుని రాస్తారు" అని. పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఆవిడ నమ్మింది. చదువుకున్న పిల్ల కదా, నమ్మక ఏం చేస్తుంది?

వారం తిరిగి సోమవారం జవాబు వచ్చింది. చిక్కటి తెల్ల కాగితం, పైన ఫ్యాక్టరీ పేరు అచ్చు, కింద ఆఫీసరు సంతకం. అలాంటి కాగితం నా పేరున రావడం అదే మొదలు. వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ అని మొదలై, మీరడిగిన పేరుగల వ్యక్తి మా వద్ద పనిచేయడం లేదని, గతంలోనూ పనిచేయలేదని, రికార్డులు పరిశీలించి చెబుతున్నామని నాలుగు వరుసలు. నేను ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివి వినిపించాను.

"అబద్ధం" అంది అక్క. "ఆన్నే ఉన్నడు. ఎనిమిది నెలల సంది ఆన్నే ఉన్నడు."

"రికార్డులు చూసి రాశారక్కా. సంతకం కూడా ఉంది."

"సంతకం నేనేం జేసుకోవాలె చెల్లె! మనిషేడి?"

అప్పుడు కూడా నేను ఆ కాగితం పక్షాన మాట్లాడాను. ఫ్యాక్టరీవాళ్ళకి అబద్ధం చెప్పాల్సిన పనేముంది, అసలు ఆయనే మీకు వేరే చోటేదో చెప్పకుండా ఉంచాడేమో అన్నాను. అది విని ముసలమ్మ గోడకి చేరగిలబడిపోయింది. "నా కొడుకు గట్లాంటోడు కాదు" అని ఒకటి రెండుసార్లు అని, ఆ తర్వాత అనడం మానేసింది. పొద్దు గూకేలోగా ఊళ్ళో మాట పాకింది. ఆడమనిషి ఎవతో ఉండి ఉంటుందన్నారు, బొంబాయి పోయాడన్నారు. బావిగట్టు మీద అక్క వస్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఆ రెండు రోజులూ అక్క తమ్ముడు సైకిలు వేసుకుని క్వారీలన్నీ, లారీ అడ్డాలన్నీ వెతికాడు. ఎక్కడ ఉన్నాడో అక్కడ తప్ప అన్ని చోట్లా వెతికించాను నేను.

గురువారం పొద్దున ఖాజాగూడ బావ వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. వాకిట్లోనే కూలబడి, చెప్పుతో తన చెంపలు తనే వాయించుకున్నాడు.

అప్పుడు తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో గేటు దాటాలంటే ఇత్తడి బిళ్ళ చూపించాలి. బిళ్ళకి ఒక నంబరు, ఆ నంబరుకి రిజిస్టరులో ఒక పేరు. బావకి ఆ ఘాటుకి రొమ్ము పట్టేసి పని చేతకాకుండా అయింది. నాగా పెడితే పని ఊడుతుంది. అందుకని తన బిళ్ళ తమ్ముడికి ఇచ్చి పంపాడు. ఎనిమిది నెలలుగా తమ్ముడు అన్న పేరుతో లోపలికి పోతున్నాడు, అన్న పేరు పిలిస్తే పలుకుతున్నాడు. అక్కడ అలా నడిపేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళట. మేస్త్రీలకి తెలుసు, ఆఫీసుకి తెలియదు, లేదా తెలియనట్టు ఉంటుంది. బయటికి పొక్కితే ఇద్దరి నోటికాడ కూడూ పోతుందని ముసలమ్మ కోడలి చేత ఒట్టు వేయించుకుంది. ఆ భయంతోనే గేటు దగ్గర కూడా కొడుకు అసలు పేరే చెప్పింది. ముఖ్యంగా సర్కారు ఉద్యోగం వాళ్ళం, మాకు తెలియకూడదని. ఆ ఒట్టు సగం తప్పి అక్క నాకు చెప్పబోయింది.

ఆయన ఇంటికి రాని ఆ శనివారానికి ముందురోజే, శుక్రవారం, ఒక యాసిడ్ పీపా పగిలి ఆయన మీద పడింది. మొహం, రొమ్ము, చేతులు. మేస్త్రీలు పెద్ద దవాఖానకి తీసుకుపోయి బిళ్ళ మీద ఉన్న పేరే రాయించారు. సంగతి తెలిసి బావ భయపడి అత్తగారి ఊరు పారిపోయాడు. పోలీసులు పట్టుకుంటారనుకున్నాడట. తట్టుకోలేక ఇవాళ వచ్చాడు.

"బతికున్నడా?" అని అడిగింది అక్క. ఆ ఒక్కమాటే అడిగింది.

బావ తల అడ్డంగా ఊపాడు. దవాఖానలో చూసే వచ్చాడు. ఆయన నిన్న పొద్దుటే పోయాడు.

పన్నెండు రోజులు బతికి ఉన్నాడు. నేను ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు ఉన్నాడు, మాస్టారు క్లాసులో చదివి వినిపిస్తున్నప్పుడు ఉన్నాడు, ఆ చిక్కటి కాగితం పట్టుకుని నేను వాళ్ళకి ఇంగ్లీషు చదివి వినిపిస్తున్న సోమవారం కూడా ఉన్నాడు. ఆ సోమవారమే బావ పేరు చెప్పి గేటు దగ్గర ఒక్క మనిషిని అడిగినా ఏ దవాఖానో, ఏ వార్డో చెప్పేవాళ్ళు. అక్క రెండు రోజులు కూర్చుని ఉండేది ఆయన పక్కన. నీళ్ళు పట్టేది.

శవాన్ని తెచ్చుకోవడానికి కూడా పేరే అడ్డం వచ్చింది. దవాఖాన కాగితంలో చచ్చిపోయింది ఖాజాగూడ బావ. ఆయనేమో గేటు బయట చెట్టు కింద ముసుగేసుకుని కూర్చున్నాడు. చివరికి ముసలమ్మ లోపలికి పోయి, ఈ పిల్లగాడు నా కొడుకు కాదు, నా బావ కొడుకు అని చెప్పి వేలిముద్ర వేసింది. కన్న కొడుకుని పట్టుకుని నా కొడుకు కాదని మూడుసార్లు చెప్పించుకున్నారట, రాసుకోవడానికి. మా నాన్నగారు పక్కనే ఉన్నారు. ఆయన ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు.

నేను పదిరోజులు ముందు భాగంలోకి వెళ్ళలేకపోయాను. అమ్మ వెళ్ళి వస్తుండేది. "నీ తప్పేముందే, నీకేం తెలుసు" అనేది. నాకు తెలియకపోవడమే నా తప్పని అమ్మకి ఎలా చెప్పను? చెప్పడానికి వచ్చిన మనిషిని నోరు మూయించి పంపాను.

పెద్దకర్మ అయిన మూడో రోజు అక్కే వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెల్లె, దవాఖానకు పోదాం వస్తవా? ఆఖరికి ఎట్లుండెనో, ఏమన్నడో అడగాలె. నాకు ఆడ ఎవరిని అడగాలెనో సమజ్ గాదు."

వెళ్ళాం. వార్డులో ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. నర్సుకి తీరిక లేదు. నేల తుడుస్తున్న ఆయా ఒకామె కనపడితే, ఆమె పక్కన చతికిలబడి, ఆ మూల మంచం మీద కాలిన మనిషి గుర్తున్నాడా అమ్మా అని అడిగాను.

"ఎందుకు యాదికి లేడు బిడ్డా" అంది ఆమె, గుడ్డ బకెట్లో వేసి. "పాపం, మంచి మనిషి. గంత నొప్పిల గూడ నన్ను మంచిగున్నవా అమ్మా అనెటోడు. ఆఖరి రెండు దినాలు నా పేరు గది కాదు, గది కాదు అంటుండె. జరం ఎక్కువై అంటున్నడనుకున్న. మరి నీ పేరేందయ్య అని నేను గూడ అడగకపోతి."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంకేమన్నడు?"

"ఏమంటడు బిడ్డా. పొద్దుగాల నేను డ్యూటీల దిగంగనే ఒక్కటే మాట. నాకోసం ఎవరన్న వచ్చి అడిగిన్రా అని. దినాం గదే."

"నువ్వేమన్నవు?"

"లేని మాట ఎట్ల చెప్త? ఎవరు రాలే అన్న. రేపొస్తరు తియ్, ఫికర్ జెయ్యకు అన్న."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని ముందుకి వంగిపోయింది. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఆ చేతిని మెల్లగా తీసి నా ఒళ్ళో పెట్టేసింది. ఆ తర్వాత మేము ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళు ఉన్నాం. ఆవిడ నన్ను మళ్ళీ ఏ సంగతీ అడగలేదు.